లేక్ లానియర్ పిక్నిక్ కమిటీలకు బహిరంగ లేఖ: ఆటోమేటిక్ లైఫ్ జాకెట్లు కొనేముందు

జార్జియాలో కమ్మింగ్, ఆల్ఫరెట్టా, సువానీ చుట్టుపక్కల తెలుగు అసోసియేషన్ల పెద్దలకు, వేసవి పిక్నిక్ కమిటీల్లో పనిచేసే అన్నయ్యలకు, అక్కలకు, లానియర్ మీద సొంత బోటు ఉన్న స్నేహితులకు,

నమస్కారం.

ఈ వేసవి పిక్నిక్‌లో బోటు ఎక్కేవాళ్లందరికీ ఒకేసారి ఆటోమేటిక్ లైఫ్ జాకెట్లు కొందామని అనుకుంటున్నారని తెలిసింది. జూలై ఎండలో ఆ మందపాటి ఫోమ్ జాకెట్లు ఎవరూ ఒంటిమీద ఉంచుకోవడం లేదు, కండువాలా మెడలో సన్నగా ఉండేవైతే వేసుకుంటారు, నీళ్లలో పడితే వాటంతట అవే ఉబ్బుతాయి. ఇదీ మీ ఆలోచన. మంచి మనసుతో చేసిన ఆలోచనే, కాదనను. కానీ డబ్బు కట్టేముందు ఈ ఉత్తరం చివరిదాకా చదవమని వేడుకుంటున్నాను. ఎందుకంటే ఆ జాకెట్ ఉబ్బనప్పుడు ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను.

మూడేళ్ల కిందటి మాట. మా వారికి చేపల పిచ్చి. శనివారం వస్తే తెల్లవారుజామున నాలుగున్నరకే చిన్న బోటు వెనకాల తగిలించుకుని లానియర్‌కి వెళ్లిపోతారు. ఎక్కువసార్లు ఒంటరిగానే. ఒక్కరే వెళ్తున్నారు కదా అని నేనే పట్టుబట్టి ఆటోమేటిక్ జాకెట్ కొనిపించాను. నాలుగు సీజన్లు అదే వేసుకున్నారు. వేసుకుని బయల్దేరడం చూశాక నేను ధైర్యంగా మళ్లీ పడుకునేదాన్ని.

ఆ ఏడాది మే నెలాఖర్లో మా సబ్‌డివిజన్ పూల్ తెరిచారు. సీజన్ మొదట్లో ఒకసారి జాకెట్‌ని నీళ్లలో పరీక్షించి చూసుకోవాలని ఎక్కడో చదివి, ఆయన్ని నాలుగున్నర అడుగుల లోతు దగ్గర దూకమన్నాను. నేను గట్టుమీద ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నిలబడ్డాను. ఢామ్మని పేలుతుందని పిల్లలిద్దరూ ముందే చెవులు మూసుకున్నారు. ఆయన దూకారు. ఐదు సెకన్లు. పది సెకన్లు. ఇరవై. మెడ చుట్టూ నల్లపట్టీ తడిసి అలాగే వేలాడుతోంది. లోపలి పసుపురంగు తిత్తి బయటికి రానే లేదు. "తాడు లాగండి!" అని అరిచాను. లాగారు. లోపల టిక్కుమంది. బుస్సుమని సన్నటి చప్పుడుతో ఆయన చెవి పక్కన బుడగలు వచ్చాయి. జాకెట్ ఒకవైపు అరచేయంత ఉబ్బి ఆగిపోయింది. చెవుల మీద చేతులు తీయకుండానే చిన్నాడు నన్ను అడిగాడు, "అమ్మా, అయిపోయిందా?" అని.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద పాత తువ్వాలు పరిచి జాకెట్ విప్పాను. గ్యాస్ సిలిండర్‌ని వేలితో తాకితే అటూ ఇటూ కదిలింది. గట్టిగా బిగిసి ఉండాల్సింది, దాదాపు రెండు చుట్లు వదులై ఉంది. దాన్ని పొడవాల్సిన సూది దాని మూతికి సరిగ్గా అందనేలేదు. తాడు లాగినప్పుడు కొంచెం గీసుకుందేమో, ఆ కాస్త గ్యాసూ మరచుట్ల సందుల్లోంచి బయటికే పోయింది. నీళ్లు తగిలితే కరగాల్సిన బాబిన్ మీద అచ్చువేసిన తేదీ చూస్తే ఐదేళ్ల కిందటిది.

ఆయన చీకట్లో ఒంటరిగా వెళ్లిన పొద్దులన్నీ ఆ రాత్రి కూర్చుని లెక్కపెట్టుకున్నాను. నిద్ర పట్టలేదు.

ఇందులో జాకెట్ తయారుచేసిన వాళ్ల తప్పు ఉందని నేను అనడం లేదు. దాంతో వచ్చిన చిన్న పుస్తకంలో అన్నీ రాసే ఉన్నాయి. మేమే విప్పి చూడలేదు. "ఆటోమేటిక్" అన్న ఒక్క మాట చూసి, ఇక మనం చేయాల్సిందేమీ లేదనుకున్నాం. మీరు కొనబోయే వందో నూటయాభయ్యో జాకెట్ల విషయంలో కూడా నా భయం సరిగ్గా ఇదే.

దాని లోపల ఏముంటుందో తెలిస్తే నా భయం మీకూ అర్థమవుతుంది. మెడచుట్టూ మడత పెట్టిన ఖాళీ తిత్తి ఉంటుంది. దాని కింద వేలంత పొడవున్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. పెద్దవాళ్ల జాకెట్లలో చాలావాటికి 33 గ్రాముల గ్యాస్ పట్టే సిలిండర్ వస్తుంది. సిలిండర్ మూతికి ఎదురుగా ఒక సూది, దాని వెనక బలమైన స్ప్రింగ్. ఆ స్ప్రింగ్‌ని ఆపి ఉంచేది ఒక చిన్న బిళ్ల, అదే బాబిన్. నీళ్లు తగిలి బాబిన్ మెత్తబడితే స్ప్రింగ్ విడిపోతుంది, సూది సిలిండర్‌ని పొడుస్తుంది, కొన్ని సెకన్లలో తిత్తి నిండుతుంది. ఇంకో రకం ఉంది. అది తడికి కాదు, నీటి ఒత్తిడికి పనిచేస్తుంది. నాలుగంగుళాల లోతుకి మునిగితే తెరుచుకుంటుంది. వానకీ తుంపరకీ ఉబ్బదు కాబట్టి ఇది మేలైన రకమే, కానీ ఖరీదు బాగా ఎక్కువ. దానికీ గడువు తేదీ ఉంటుంది.

అంటే ప్రాణం మొత్తం ఒక బిళ్ల, ఒక స్ప్రింగ్, ఒక సూది, ఒక సిలిండర్ వరసగా తమ పని తాము చేయడం మీద ఆధారపడి ఉంది. ఒక్కటి తప్పినా తిత్తి నిండదు. బోటు అలల మీద దడదడలాడుతుంటే ఆ కుదుపులకి సిలిండర్ మరలు నెమ్మదిగా వదులవుతాయి. ఆగస్టులో జార్జియా గ్యారేజీ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఉక్కకి బాబిన్ పాడవుతుంది, సిలిండర్‌కి తుప్పు పడుతుంది, ఆ తుప్పు రాసుకుని తిత్తి గుడ్డ కూడా చెడుతుంది. బ్రిటన్‌లో ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అని సముద్రంలో రక్షణ పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఉంది. వాళ్లు రేవుల దగ్గర లైఫ్ జాకెట్ క్లినిక్‌లు పెట్టి జనం తెచ్చిన జాకెట్లు విప్పి చూస్తుంటారు. వదులైన సిలిండర్లు, ఎప్పుడో ఖాళీ అయిపోయినవి, తుప్పు పట్టినవి, తేదీ దాటిపోయిన బాబిన్లు వాళ్లకి మళ్లీ మళ్లీ కనిపిస్తుంటాయి. తరతరాలుగా సముద్రం మీద తిరుగుతున్నవాళ్ల సంగతే అలా ఉంటే, ఏడాదికి ఒక్కరోజు బోటెక్కే మన సంగతేమిటి?

ఉబ్బాల్సినప్పుడు ఉబ్బకపోవడం ఒకటైతే, అక్కర్లేనప్పుడు ఉబ్బడం ఇంకోటి. మాకు తెలిసిన ఒకాయన బోటులో సీటు కింది పెట్టెలో రాత్రంతా వాన తడికి జాకెట్ దానంతట అదే ఉబ్బిపోయింది. పొద్దున్నే చూసి, గాలి తీసేసి, నీటుగా మడతపెట్టి మళ్లీ అక్కడే పెట్టేశారు. కొత్త సిలిండర్ వేయాలని ఆయనకి తెలియదు. బయటినుంచి చూస్తే కొత్త జాకెట్‌కీ దానికీ తేడా లేదు. ఆ తర్వాత వాళ్ల బోటెక్కిన ఎవరో ఒకరు దాన్ని మెడలో వేసుకునే ఉంటారు. వాళ్ల మెడలో ఉన్నది ఒట్టి గుడ్డ.

ఇంత చెబుతున్నానని నేను ఈ జాకెట్లకి పూర్తిగా వ్యతిరేకిని అనుకోకండి. 2023లో అమెరికాలో సరదా బోటింగ్ ప్రమాదాల్లో 564 మంది చనిపోయారని కోస్ట్ గార్డ్ లెక్క. నాలుగింట మూడొంతుల మంది నీట మునిగే పోయారు. అలా మునిగిపోయినవాళ్లలో నూటికి 87 మంది ఒంటిమీద లైఫ్ జాకెట్ లేదు. ఈ లెక్క చూస్తే, వేసుకునేలా ఉండే జాకెట్ కావాలన్న మీ మాటలో బలం ఉందని ఒప్పుకోవాల్సిందే. సీటు కింద పడి ఉన్న మంచి జాకెట్ ఎవర్నీ కాపాడదు. ఈత బాగా వచ్చి, ఒంటరిగా చేపలకి వెళ్లే పెద్దమనిషికి ఆటోమేటిక్ నిజంగా మంచిది. ఫిబ్రవరిలో లానియర్ నీళ్లలో హఠాత్తుగా పడితే మొదటి నిమిషం మనిషి ఊపిరి అతని అదుపులో ఉండదు, ఎగశ్వాసే. కాళ్లూ చేతులూ మాట వినేది ఇంకో పది నిమిషాలు. పడేటప్పుడు తలకి దెబ్బ తగిలితే తాడు లాగడానికి స్పృహే ఉండదు. అలాంటి వేళ అన్నీ సరిగ్గా ఉన్న ఆటోమేటిక్ జాకెట్ చాలావరకు వెల్లకిలా తిప్పి ముక్కూ నోరూ నీళ్లపైన ఉంచగలదు. మా వారు ఇప్పటికీ ఆ రకమే వేసుకుంటారు. కాకపోతే ప్రతి ట్రిప్పుకి ముందు నేనో ఆయనో సిలిండర్ పట్టుకుని బిగించి చూడకుండా బోటు ఇల్లు కదలదు.

మరి మన పిక్నిక్‌లో బోటెక్కేది ఎవరు? ఇండియా నుంచి ఆర్నెల్లకి వచ్చిన అమ్మానాన్నలు. కొత్తగా పెళ్లై వచ్చిన అమ్మాయిలు. ఎమ్మెస్ చదవడానికి వచ్చి రూమ్మేట్లతో కలిసి వచ్చిన కుర్రాళ్లు. ఇందులో ఈత వచ్చినవాళ్లు ఎంతమందో పోయినసారి నేను ఊరికే అడిగి చూశాను. మేమెక్కిన పాంటూన్ బోటులో, అంటే తేలే గొట్టాల మీద చదునైన డెక్ ఉండే బోటులో, పదకొండు మందిమి ఉన్నాం. చేతులెత్తింది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకాయన, "చిన్నప్పుడు బావిలో నేర్చుకున్నా, ఇప్పుడు వస్తుందో రాదో" అన్నారు.

గాలి నింపే జాకెట్లు ఈత రానివాళ్లకి సిఫార్సు చేయడం లేదని ఆ జాకెట్ల లేబుల్ మీదే రాసి ఉంటుంది. ఎందుకో ఒక్క క్షణం ఊహించండి. ఈత వచ్చినవాడికి ఆ నాలుగైదు సెకన్లు ఒక లెక్క కాదు. ఈత రాని మనిషికి ఆ నాలుగైదు సెకన్లలోనే ముక్కులోకి నీళ్లు పోయి, భయంతో చేతులు ఎటు పడితే అటు కొట్టుకుంటాయి. ఒకవేళ అది ఉబ్బకపోతే మిగిలేవి రెండు దారులు. ఒకటి తాడు లాగడం, రెండోది పక్కనున్న గొట్టం నోట్లో పెట్టుకుని ఊదడం. నీళ్లలో మునుగుతున్న మా అత్తయ్యగారిని గొట్టం వెతుక్కుని ఊదమని చెప్పగలమా?

ఫోమ్ జాకెట్‌కి ఇవేవీ అక్కర్లేదు. బకిల్స్ పెట్టి, జిప్ వేసి, మనిషికి తగిన సైజు ఉంటే చాలు. నీళ్లని తాకకముందే అది తేలే స్థితిలో ఉంటుంది. మామూలుగా పెద్ద మనిషి తల నీళ్లపైన ఉండాలంటే అదనంగా కావాల్సిన తేలుడు బలం 7 నుంచి 12 పౌండ్లు. సాధారణ ఫోమ్ జాకెట్ 15.5 పౌండ్లు ఇస్తుంది. గాలి జాకెట్ ఇరవై రెండుకి పైనే ఇస్తుంది, కొన్ని 34 దాకా ఇస్తాయి. పెట్టె మీద పెద్ద అంకె చూసి ఇదే మంచిదనుకుంటాం. ఉబ్బితేనే ఆ 34. ఉబ్బకపోతే సున్నా.

మా అత్తయ్యగారి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. ఆవిడ వచ్చిన వేసవిలో సాయంత్రం పూట బోటు మీద షికారుకి తీసుకెళ్లాం. తెలిసినవాళ్లు ప్రేమగా తమ ఆటోమేటిక్ జాకెట్ ఆవిడకి వేశారు. బోటు వేగం అందుకోగానే గాలి చల్లగా తగిలింది. ఆవిడ శాలువా తీసి, జాకెట్ పైనుంచి ఒంటి చుట్టూ బిగించి చుట్టుకుని, కొస నడుము దగ్గర దోపుకున్నారు. నేను ఫొటో తీశాను కూడా. ఇప్పుడు ఆ ఫొటో చూస్తే గుండె జారిపోతుంది. ఉబ్బే జాకెట్‌కి పైన ఏదీ ఉండకూడదు. బిగుతైన రెయిన్‌కోటు గానీ, శాలువా గానీ, చీర కొంగు గానీ. తిత్తి విచ్చుకోవడానికి చోటు లేకపోతే ఆ బలమంతా గొంతు మీదా పక్కటెముకల మీదా పడుతుంది. మన ఆడవాళ్లకి చలేసినా సిగ్గేసినా కొంగు కప్పుకోవడం అలవాటు. ఆ అలవాటుని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కానీ జాకెట్ కొనేవాళ్లకి ఆ అలవాటు తెలిసి ఉండాలి కదా. ఫోమ్ జాకెట్ మీద శాలువా కప్పుకుంటే కొంపేమీ మునగదు.

పిల్లల విషయంలో ఆలోచించడానికి కూడా ఏమీ లేదు. జార్జియా చట్టం ప్రకారం కదులుతున్న బోటులో 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి, నాలుగువైపులా మూసిన క్యాబిన్‌లో ఉంటే తప్ప. మామూలుగా షాపుల్లో దొరికే పెద్దల ఆటోమేటిక్ జాకెట్లు 16 ఏళ్లు నిండినవాళ్ల కోసమే. జెట్ స్కీకి, బోటు వెనక ట్యూబ్ కట్టి లాగించుకునే ఆటకి కూడా అవి పనికిరావు. మన టీనేజ్ పిల్లలు పిక్నిక్‌కి వచ్చేది ఆ ట్యూబ్ కోసమే! నడుముకి బెల్టులా కట్టుకునే రకం ఇంకా కష్టం. అది ఉబ్బాక, నీళ్లలో తేలుతూ, తలమీంచి తొడుక్కోవాలి. దాన్ని ఈత రానివాళ్ల చేతికి ఇవ్వనే ఇవ్వకండి.

ఇక పోయినేడాది నుంచి కొందరు పుట్టినరోజులకి హౌస్‌బోట్లు మాట్లాడుకుంటున్నారు. దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి నేను.

హైదరాబాద్ వెళ్లే విమానంలో ప్రతిసారీ చెప్పే మాట గుర్తుచేసుకోండి. లైఫ్ జాకెట్ వేసుకోండి, కానీ విమానం లోపల ఉండగా గాలి నింపకండి, బయటికి వచ్చేటప్పుడే తాడు లాగండి అంటారు. సీటు బెల్టు పెట్టుకుంటూ మనం సగం వింటాం. ఆ మాట ఎందుకంత ముఖ్యమో 1996 నవంబర్ 23న ప్రపంచం చూసింది. హైజాక్ అయిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 961 విమానం ఇంధనం అయిపోయి కొమొరోస్ దీవుల తీరంలో సముద్రంలో దిగింది. 175 మందిలో 125 మంది చనిపోయారు. చాలామంది ప్రయాణికులు లోపల ఉండగానే జాకెట్లలో గాలి నింపేసుకున్నారు. విమానంలోకి నీళ్లు రాగానే ఆ జాకెట్లే వాళ్లని పైకప్పుకి నొక్కిపెట్టాయి. తలుపు కిందికి మునిగిపోయింది. కిందికి దిగి ఈదితే తప్ప బయటపడే దారి లేదు, జాకెట్ దిగనివ్వదు.

విమానంలో జాకెట్‌కి గాలి నింపాలా వద్దా అన్నది మన చేతిలో ఉంటుంది. ఆటోమేటిక్ జాకెట్ మనల్ని అడగదు. హౌస్‌బోటు క్యాబిన్‌లో ఉండగా అది పక్కకి ఒరిగి నీళ్లు జాకెట్ దాకా వస్తే చాలు, ఢామ్మని ఉబ్బి మనిషిని పైకప్పుకి అంటించేస్తుంది. బోర్లాపడిన పాంటూన్ కింద, దాని ఎండ పందిరి గుడ్డకింద చిక్కుకున్నా ఇదే జరగొచ్చు. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఫోమ్ జాకెట్ కూడా పైకి తేలుస్తుంది, అది వేసుకుని లోపల చిక్కుకున్నా కష్టమే. కాకపోతే దాని బలం తక్కువ, బకిల్ తీస్తే ఒంటిమీంచి ఊడిపోతుంది. కాబట్టి నా సలహా క్యాబిన్ గురించే. బోటు కదులుతున్నప్పుడు ఎవరూ లోపల కూర్చోకండి. డెక్ మీదే ఉండండి. తలుపులు తీసి ఉంచండి.

మాది రాజమండ్రి దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. 2018 మే నెలలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివానకి లాంచీ మునిగినప్పుడు, వాన లోపలికి కొట్టకుండా తలుపులూ కిటికీలూ మూసి ఉన్నాయి. లోపలున్నవాళ్లు బయటికి రాలేకపోయారు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండలు చూడ్డానికి వెళ్తున్న బోటు మునిగింది. ఆ బోటుని నదిలోంచి బయటికి లాగడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. ఆ ఐదు వారాలూ మా అమ్మ రోజూ ఫోన్‌లో ముందు చెప్పేది ఆ బోటు సంగతే. క్యాబిన్ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ టెన్షన్ వచ్చేది అందుకే. లానియర్‌ని చూసి ఇది చెరువే కదా, గోదావరి కాదు కదా అంటారు కొందరు. బ్యుఫోర్డ్ డ్యామ్ కట్టి చట్టాహూచీ నదిని ఆపితే నిండిన లోయ ఇది. ఒడ్డునుంచి నాలుగడుగులు వేస్తే ఐదో అడుగుకి నేల అందని చోట్లు ఎన్నో ఉన్నాయి. అడుగున ఇంకా చెట్లు నిలబడే ఉన్నాయి. డ్యామ్ కింది నది నీళ్లయితే నడి వేసవిలోనూ మంచులా ఉంటాయి. అక్కడినుంచి హైవే 20 వంతెన దాకా పిల్లలూ పెద్దలూ అందరూ జాకెట్ వేసుకుని తీరాలన్నది నిబంధన.

ఇంకొక్క విషయం, త్వరగా చెప్పేస్తాను. ఈ జాకెట్లు నాలుగు కొని కాకినాడలోనో విశాఖలోనో ఉన్న బంధువులకి పంపుదామని కొందరు అనుకుంటున్నారు. గ్యాస్ సిలిండర్ కాబట్టి విమానంలో తీసుకెళ్లాలంటే ముందుగా ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, ఒకసారి ఉబ్బాక అదే కొలత సిలిండర్, అదే రకం బాబిన్ అక్కడ ఏ కొట్లో దొరుకుతాయో కనుక్కున్నాకే పంపండి. మరచుట్ల సైజు ఒకలాగే కనిపించినా వేరే కొలత సిలిండర్ వేయకూడదు. రెండోసారి పనిచేయని జాకెట్‌ని, అది పనిచేస్తుందన్న నమ్మకంతో సహా మనవాళ్లకి పంపకండి.

సరే, నేను కమిటీల్ని అడిగేది ఇది. పిక్నిక్ డబ్బుతో ఆటోమేటిక్ జాకెట్లు కొనకండి. ఆ డబ్బుతో కోస్ట్ గార్డ్ ఆమోదం ముద్ర ఉన్న ఫోమ్ జాకెట్లు కొనండి. పిల్లల సైజులు వేరుగా, ఒళ్లున్నవాళ్ల సైజులు వేరుగా. పెద్ద సైజు లేక ముందు జిప్ వేసుకోకుండా వదిలేసేవాళ్లని ప్రతి ఏడాదీ చూస్తున్నాం. ఉక్కపోస్తుందన్నది నిజమైన ఇబ్బందే, దానికి చంకల దగ్గర వెడల్పుగా కోసి, వీపున జాలీ గుడ్డ ఉండే రకాలు దొరుకుతాయి, కాస్త ఖరీదైనా అవే తీసుకోండి. కొన్ని పార్కుల్లో ఒడ్డునే జాకెట్లు ఊరికే వాడుకోవడానికి వేలాడదీసి ఉంచుతారు, తక్కువ పడితే వాటినీ వాడుకోవచ్చు. బోటు కదలకముందు ఒకరు బాధ్యత తీసుకుని ప్రతి ఒక్కరి బకిల్ లాగి చూడాలి. పెద్దవాళ్ల భుజం పట్టీలు పట్టుకుని పైకి లాగితే జాకెట్ చెవులదాకా రాకూడదు. మామయ్యగారి జాకెట్ లాగి చూడటానికి మొహమాటపడే కోడళ్ల బదులు ఆ పని నేను చేస్తాను.

సొంతంగా ఆటోమేటిక్ జాకెట్ ఉన్నవాళ్లు ఆపొద్దు. వేసుకోండి. కానీ బోటెక్కే ముందు మడత విప్పి సిలిండర్‌ని బిగించి చూడండి, సిలిండర్ దగ్గరి చిన్న సూచిక ఆకుపచ్చలో ఉందో లేదో చూడండి, బాబిన్ తేదీ చదవండి. ఏ తేదీకి ఎన్నాళ్ల లెక్కో మీ జాకెట్ పుస్తకంలో ఉంటుంది. ఏడాదికోసారి సిలిండర్ ఊడదీసి తూకం వేయండి. కనీసం ఎంత బరువుండాలో దానిమీదే చెక్కి ఉంటుంది. నేను పప్పూ పిండీ తూచే వంటింటి స్కేల్ మీదే తూస్తాను. మూతి వైపు చూస్తే చిన్న చిల్లు ఉందంటే అది వాడేసింది, పారేయాల్సిందే. సిలిండర్ విప్పి పక్కన పెట్టాక, గొట్టంతో నోటితో ఊది గట్టిగా నింపి రాత్రంతా వదిలేయండి. పొద్దుటికి మెత్తబడితే ఆ తిత్తికి ఎక్కడో కారుతోంది. నోటితో ఊది నింపిన తిత్తిలోకి సిలిండర్ కూడా పేలిస్తే చినిగిపోవచ్చు, అందుకే ముందే విప్పమంటున్నాను. ఇంటర్నెట్‌లో సెకండ్ హ్యాండ్‌వి, ముద్ర లేనివి సగం ధరకి వస్తున్నాయని కొనకండి. కొత్త బాబిన్, సిలిండర్ కలిపి వచ్చే కిట్‌కి అయ్యేది ఒక కుటుంబం ఒక పూట హోటల్లో తిన్నంత.

మే నెలాఖర్లో వచ్చే మెమోరియల్ డేకి ముందు రెండు ఆదివారాలు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా మా గ్యారేజీ తెరిచి ఉంచుతాను. రెండు మడత బల్లలు, వంటింటి స్కేల్, బాగా వెలుతురున్న దీపం పెడతాను. మీ జాకెట్, దాంతో వచ్చిన పుస్తకం తెచ్చుకోండి. పుస్తకం పోయి ఉంటే మోడల్ నంబర్ చాలు, అక్కడే వెతుకుదాం. విప్పేది మీ చేత్తోనే విప్పిస్తాను, నేను పక్కన నిలబడతాను. ఎందుకంటే తర్వాతి ఏడాది మీరే విప్పుకోవాలి. అడ్రస్ కమిటీ వాళ్ల దగ్గర ఉంటుంది. టీ, పెసరట్టు మా వారి బాధ్యత.

కొనే విషయం మీద నిర్ణయం ఆలోపే తీసుకునేట్టయితే, ఆ మీటింగ్‌కి నన్ను పిలవండి. పూల్‌లో ఉబ్బని ఆ జాకెట్‌ని పారేయలేదు, అలాగే దాచాను. తీసుకొస్తాను. దాన్ని చేత్తో పట్టుకుని చూసి, అప్పుడు నిర్ణయించండి.

మీ అందరి క్షేమం కోరే,
కమ్మింగ్ నుంచి మీ చెల్లెలు